ఖలాసీ బాబాయి నేర్పిన చిగోంగ్

బాబాయి పోయాడన్న కబురు నాకు ఎనిమిదో తరగతి పిల్లల ముందు తెలిసింది. సాయంత్రం ఆఖరి పీరియడు. నల్లబల్ల మీద సంధులు రాయిస్తున్నాను. కింది సగం నేను రాస్తాను, పై సగం వెనక బెంచీ పొడుగుపిల్ల రాస్తుంది. మా క్లాసులో ఏడాదిగా నడుస్తున్న ఏర్పాటు అది. నా కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు మరి. టేబులు మీద ఫోను గుర్రుమంది. చూస్తే బాబాయి కోడలు. "వదినా, మావయ్య అన్నం తిని తొంగున్నారు. టీకి లేపితే లెగలేదు. డాక్టరుగారొచ్చి సూసి, ఇంక లేరన్నారు," అంది.

వినగానే నేను చేసిన మొదటి పనేమిటో చెప్తే నవ్వుతారు. కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త సడలించి, చేతులు వదిలేసి నిలబడ్డాను. ఎంత పెద్ద మాట విన్నా ముందు అలా నిలబడాలని ఆయనే నేర్పాడు. "ముందు నిలబడు. ఏడుపెక్కడికీ పోదు," అనేవాడు. నిలబడ్డాను. ఏడుపు నిజంగానే ఎక్కడికీ పోలేదు. ముందు బెంచీ పిల్ల "మేడమ్, క్యా హువా?" అని అడిగితే "మా బాబాయి" అని మాత్రం అనగలిగాను.

సంతాపం ఎలా రాయాలో నాకు బాగా తెలుసు. ఈ టాటానగర్‌లో తెలుగు టీచర్ని, ఊళ్ళో తెలుగువాళ్ళెవరు పోయినా నాలుగు ముక్కలు రాసిపెట్టమని నా దగ్గరికే వస్తారు. "తీరని లోటు" అని మొదలుపెట్టి "ఆత్మకు శాంతి" అని ముగిస్తాను. బాబాయి గురించి అలా రాయబోతే చెయ్యి రావడం లేదు. ఆయన గుర్తొస్తే నాకు ముందు నవ్వొస్తుంది. ఆ వెంటనే ఒళ్ళంతా ఉత్సాహం ముంచుకొస్తుంది. దారినపోయేవాళ్ళని ఆపి, "మా బాబాయి ఏం చేశాడో మీకు తెలుసా?" అని అడగాలనిపిస్తుంది. కన్నీళ్ళు ఆ తర్వాత వస్తాయి. ఇక్కడా అదే వరసలో చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఆయనకీ మాకూ రక్తసంబంధం లేదు. మా నాన్నా ఆయనా కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి టాటానగర్‌లో దిగారు. నాన్న ఫిట్టరయ్యాడు, బాబాయి ఖలాసీ అయ్యాడు. ఖలాసీ అంటే ఉత్త మోతపని అనుకుంటారు చాలామంది. అది కాదు. కార్ఖానాలో పెద్ద పెద్ద ఇనుప సామానుకి గొలుసులు కట్టి, కింద నిలబడి, పైన క్రేను కేబిన్లో కూర్చున్న మనిషికి చేతులతో సైగలు చేసేవాడు ఖలాసీ. ఎత్తమంటే "హబీస్!" అని ఒక కేక, దించమంటే "ఆరియా!" అని ఇంకో కేక. అవి ఏ భాష మాటలో నాన్నకీ తెలియదు, బాబాయికీ తెలియదు. "ఓడల్లోంచి దిగిన మాటలే అమ్మీ," అనేవాడు బాబాయి, అక్కడితో ఆ చర్చ ముగిసేది. ఆయన కేక పెట్టడం నేను చిన్నప్పుడు పర్సుడీహ్ బజారులో విన్నాను. తోటకూర కట్టలు దింపుతున్న ఆటోవాడికి "ఆరియా" అన్నాడు, బజారు బజారంతా వంగి కూర్చుంది.

అంత మనిషి నడుం పట్టేసి మంచాన పడ్డాడు ఒకప్పుడు. ఆసుపత్రిలో చూపించుకున్నాడు, మందులు వాడాడు, లేచి తిరిగాడు గానీ వంగలేకపోయేవాడు. ఆ రోజుల్లోనే సాక్చీ బజారులో చెప్పులు కొనడానికి వెళ్ళాడు. ఆ దుకాణం నడిపేది ఒక చైనా పెద్దాయన. ఆయన తాతలు కలకత్తా వచ్చి స్థిరపడ్డారట, ఈయన ఇటు వచ్చి దుకాణం పెట్టాడు. హిందీ మనకంటే బాగా మాట్లాడేవాడు. బాబాయి కుర్చీలో కూర్చుని, వంగలేక, కాలితోనే చెప్పుని తడుముకుంటుంటే చూసి, షట్టరు సగం దించి, వెనక పెరట్లోకి తీసుకెళ్ళి, "ఖడే రహో," అన్నాడట. నిలబడు, అంతే.

బాబాయికి నవ్వొచ్చింది. "నానేటి సేత్తన్నాను ఇన్నేళ్ళూ? నిలబడ్డమే గదేటి నా ఉద్యోగం!" అని మాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో. సరే, నిలబడ్డాడు. మోకాళ్ళు సడలించి, చేతులు గుండె ముందు గుండ్రంగా, పెద్ద చెట్టుని కావలించుకున్నట్టు పెట్టి. కాసేపటికే తొడలు గజగజ, భుజాలు మంట, కారే చెమట కళ్ళలోకి. ఆ పెద్దాయన మాత్రం పక్కనే అదే భంగిమలో నిలబడి, లోపలున్న కొడుక్కి ఏ డబ్బా ఎక్కడుందో చెప్తున్నాడు. "అప్పుడు తెలిసింది అమ్మీ, నాకు నిలబడ్డం రాదని," అనేవాడు బాబాయి. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి! పరీక్షలో సున్నా వచ్చి సంబరపడినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

చిగోంగ్ ఆయనకి అలా అంటుకుంది. చైనావాళ్ళ సాధన అది. ఊపిరీ, కదలికా, మనసూ మూడింటినీ ఒక్క తాటి మీదికి తెచ్చి, తొందర లేకుండా చేస్తారు. ఒంట్లో తిరిగే శక్తికి వాళ్ళు వేరే పేరు చెప్తారు గానీ బాబాయి "కరెంటు" అనేవాడు. ఒంట్లో కరెంటు ఆగకుండా నడవాలి, ఎక్కడ ఫ్యూజు పోతే అక్కడ నొప్పి. దుకాణం ఆయన దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. ఆ కుటుంబం దుకాణం మూసి వెళ్ళిపోయాక, రిటైరయిన బాబాయి అగ్రికో కాలనీలో ఒక మైదానం మూల పొద్దున్నే ఒక్కడూ నిలబడడం మొదలుపెట్టాడు. పాలకి వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు. చూసినవాళ్ళలో ఒకరిద్దరు పక్కన నిలబడ్డారు. మొట్టమొదట నిలబడింది చాచాజీ.

చాచాజీ గురించి చెప్పి తీరాలి. ఆయనది బీహారులో ఛప్రా వైపు. బాబాయి కింద సైగ చేస్తే పైన క్రేను నడిపింది ఈయనే. ఉద్యోగకాలమంతా ఒకరు నేల మీద, ఒకరు గాల్లో. ఇద్దరూ కలిసి టీ తాగిన రోజుల కంటే అంత దూరాన్నించి ఒకరినొకరు చూసుకున్న రోజులే ఎక్కువ. చాచాజీకి తెలుగు రాదు, బాబాయి హిందీకి లింగం ఉండదు, అయినా వాళ్ళిద్దరి మధ్య ఏ మాటా ఆగిపోవడం నేను చూడలేదు. "ఆయన మొహం నాకు రిటైరయ్యాకే సరిగ్గా తెలిసింది, అంతవరకూ చేతులే తెలుసు," అని చాచాజీ హిందీలో అంటుండేవాడు.

ఇక నా చెయ్యి.

పోయినేడు ఎండాకాలం, ఓ పొద్దున్న జడ వేసుకోబోతే కుడిచెయ్యి భుజం దగ్గరే ఆగిపోయింది. ఆగిపోవడమంటే మామూలుగా కాదు, తలుపుకి లోపల్నించి గడియ పెట్టినట్టు. బలవంతంగా ఎత్తితే కళ్ళమ్మట నీళ్ళు. కొన్నాళ్ళు మా ఆయన జడ వేశాడు. ఆయన రైల్వేలో సిగ్నల్ విభాగం. వైర్లు మెలివేసే అలవాటుతో వేశాడేమో, ఆ జడ స్కూలు దాకా గట్టిగా ఉండి, నా కనుబొమలు కూడా పైకి లాగేది. మా అమ్మాయి చూసి, "మమ్మీ, ఆప్ హైరాన్ క్యోఁ లగ్ రహీ హో?" అంది. ఆశ్చర్యపోయి కాదమ్మా, మీ నాన్న జడ వేశాడని చెప్పాను. ఇంట్లో నవ్వుకున్నాం గానీ స్కూల్లో నల్లబల్ల దగ్గర నిలబడి చెయ్యి ఎత్తలేక సుద్దముక్క పిల్లల చేతికి ఇచ్చిన రోజు నాకు నవ్వు రాలేదు. ఇంక నేను ఇంతేనేమో అనిపించింది.

బాబాయికి ఎవరు చెప్పారో, సాయంత్రానికి వచ్చేశాడు. గుమ్మంలోనే, "నాలిక సూపించు," అన్నాడు.

ఈ నాలిక గొడవ కూడా చెప్పాలి. చైనా వైద్యంలో నాలుక చూసి ఒంటి సంగతి చెప్తారు. బాబాయికి వైద్యం రాదు, వచ్చని ఎప్పుడూ అనలేదు, కానీ నాలుక చూడడమంటే సరదా. బజారులో అందరి నాలుకలూ చూసేవాడు. ఆయన కనిపిస్తే బెండకాయలమ్మే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నాలుక చాపేది, కోళ్ళ దుకాణం అతను కత్తి పక్కన పెట్టి మరీ చాపేవాడు. చూసి, "తెల్లగుంది, రేత్రి బేగి తిను," అనో, "బావుంది, ఎల్లు," అనో అనేవాడు. ఆయన మనవరాలికి అదే నమస్కారం. తాత వీధి మలుపు తిరగ్గానే నాలుక బయటపెట్టి నిలబడేది.

నా నాలుక చూశాక చెయ్యి ఎత్తమన్నాడు. ఎత్తాను.

"ఎక్కడిదాకా లేత్తంది?"

"ఇదిగో, భుజం దాకా. ఆపైన ప్రాణం పోతోంది బాబాయ్."

"ఆసుపత్రికెల్లేవా?"

"లేదు. నువ్వు రెండు పాఠాలు చెప్తే..."

"తప్పు! ముందు ఆసుపత్రి," అన్నాడు. అంత గట్టిగా ఆయన నన్ను కసిరింది అదొక్కసారే. "ఎక్స్‌రే తియ్యించు. సుగరు సూపించు. లోపల ఏటున్నదో సూడకుండా గొలుసు కడతానేటి నాను? బరువెంతో తెలీకుండా ఎత్తినోడు ఖలాసీయా?"

వెళ్ళాను. ఎముకల డాక్టరు భుజం బిగుసుకుపోయిందన్నారు. సుగరు లేదు. నెమ్మదిగా సడలుతుంది, నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు, వ్యాయామం మానొద్దన్నారు. అప్పుడు బాబాయి, "ఇప్పుడు పద," అని స్టేషను దగ్గర ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె బెంగాలీ, ఆ వైద్యం కలకత్తాలో చదువుకున్నారు. పక్కన రైలు వెళ్తే క్లినిక్కులో గ్లాసులు గలగలలాడేవి. రైలు పూర్తిగా వెళ్ళేదాకా ఆమె సూది పట్టుకునేవారు కాదు.

నొప్పి భుజంలో కదా, ఆమె నన్ను పడుకోబెట్టి చీర కాస్త పైకి జరిపి మోకాలి కింద కొలవడం మొదలుపెట్టారు. నా బొటనవేలి వెడల్పుతో కొలిచారు. ఎవరి ఒంటికి వాళ్ళ వేలే కొలబద్దట. "డాక్టరుగారూ, నొప్పి ఇక్కడ కాదు, భుజంలో," అన్నాను కంగారుగా. ఆమె నవ్వి, పిక్క పక్కన ముందుకి ఒక చోట సూది దించారు. వెంట్రుకంత సూది. చీమ కుట్టినట్టయి, ఆ తర్వాత లోపల బరువుగా, లాగినట్టుగా ఏదో మొదలైంది. "ఇప్పుడు చెయ్యి ఎత్తండి," అన్నారు.

ఎత్తాను. ప్రతిరోజూ ఆగే చోటు వచ్చింది. దాటింది! అక్షరాలా దాటింది! ఎంతో కాదు, నాలుగు వేళ్ళంత. కానీ ఆ నాలుగు వేళ్ళ మేరా నేను నెలల తరబడి చూడని దేశం. "బాబాయ్! చూడు! చూడు బాబాయ్!" అని అరిచాను.

తల తిప్పి చూస్తే బాబాయి గోడ వైపు తిరిగి, రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. "సూది తీసేసేరా?" అన్నాడు అటే ఉండి.

నేను నమ్మలేకపోయాను. ఎర్రగా కాలిన ఇనుము నెత్తి మీంచి పోతుంటే కింద నిలబడి చేతులూపిన మనిషి! ఏనుగుల్లాంటి సామాను ఎత్తించిన మనిషి! వెంట్రుకంత సూదికి మొహం దాచుకున్నాడు. "దానికీ దీనికీ ఏటి సంబంధం? అది ఇనుం, ఇది ఒళ్ళు," అని నా మీదే విసుక్కున్నాడు. అయినా ప్రతి వారం నా వెంట వచ్చేవాడు. గోడ వైపే కూర్చునేవాడు. తర్వాత్తర్వాత ఎంత ఎత్తు లేచిందో నేను చెప్పక్కరలేకపోయింది. నా గొంతు వినే ఆయనకి తెలిసిపోయేది.

ఆ క్లినిక్కులో ఆయన ఇష్టపడింది ఒక్కటే. డాక్టరమ్మ ఎండుటాకుల పొడిని కాగితంలో చుట్టి, చుట్టలా చేసి, అంటించి, ఒంటికి తగలకుండా దగ్గరగా పట్టి వేడి చూపించేవారు. మోక్సా అంటారట. మొదటిసారి ఆ పొగ రాగానే బాబాయి గోడ వైపు నుంచి గిరుక్కున తిరిగాడు. "అమ్మీ! ఇది మన మాచిపత్రి కాదేటి? ఇనాయక సవితికి పత్రిలో ఏత్తాం, ఆ వాసనే!" అన్నాడు. డాక్టరమ్మని అడిగితే అదే జాతి మొక్కేనన్నారు. ఇంక ఆయన సంతోషం చూడాలి! దారి పొడుగునా అదే మాట. "సైనా ఓళ్ళు, మనం ఒకే ఆకు ఏరుకున్నాం సూడు. మనం దేవుడికిచ్చేం, ఆళ్ళు నొప్పికిచ్చేరు. మా యమ్మ సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డపొగ కాల్చీది, ఆ కంపు బదులు ఇది కాల్చుంటే ఎంత బావున్ను!" చవితి రాగానే బజారులో పత్రి అమ్మేవాళ్ళందరినీ నిలేసి మాచిపత్రి ఏరించాడు. ఒక కట్ట దేవుడికి, ఒక కట్ట డాక్టరమ్మకి. ఆమె కాదనలేక తీసుకుని, కిటికీలో ఎండబెట్టారు.

సూదుల వల్ల లేచిందా, సాధన వల్ల లేచిందా, రోజులు గడిచి దానంతటదే లేచిందా అని నేనూ ఆలోచించాను. బాబాయిని అడిగాను కూడా. "లేసింది గదా. మరేటి కావాల?" అన్నాడు. అక్కడితో ఆ చర్చా ముగిసింది.

సాధన మాత్రం ఒక్క పూట మాననిచ్చేవాడు కాదు. పొద్దున్నే మైదానం. బాబాయి మా ఎదురుగా నిలబడి, రెండు చేతులూ కింది నుంచి పైకి నీళ్ళు ఎత్తుతున్నట్టు తెచ్చి, మళ్ళీ దించేవాడు. ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి, దించేటప్పుడు బయటికి. మొదట్లో పాత అలవాటు కొద్దీ కేకలు పెట్టి చేయించేవాడు. ఎత్తడానికి "హబీస్", దించడానికి "ఆరియా". కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు అవి చైనా మంత్రాలనుకుని భక్తిగా పలికేవారు. మేమెవరమూ వాళ్ళ నమ్మకం చెడగొట్టలేదు.

ఆ కేకలు ఎలా ఆగిపోయాయో చెప్తాను. మైదానం పక్కన ఒక ఇల్లు కడుతున్నారు. ఓ పొద్దున్న ఇనుప చువ్వల కట్ట ఎత్తడానికి చిన్న క్రేను వచ్చింది, హైడ్రా అంటారు ఇక్కడ. నడిపేవాడు కుర్రాడు. కట్టకి ఒక పక్కే గొలుసు పడింది, రెండో పక్క ఇంకా కడుతున్నారు. ఇటు మేం వరసగా నిలబడి ఉన్నాం. బాబాయి గుండెల నిండా గాలి పీల్చి "హబీస్!" అని కేక పెట్టాడు.

కుర్రాడు ఎత్తేశాడు!

ఎత్తడా మరి? ఈ ఊళ్ళో క్రేను నేర్చుకున్న ఏ మనిషైనా ఆ గొంతుకి ఎత్తి తీరతాడు. చువ్వలు ఒక పక్కకి జారాయి, గొలుసు కడుతున్నవాళ్ళు ఇద్దరూ వెనక్కి దూకారు. మా అందరికంటే ముందు చాచాజీకి అర్థమైంది. ఎన్నడూ గొంతెత్తని మనిషి "ఉస్తాద్!" అని అరిచాడు. బాబాయి తిరిగి చూసి, రెండు చేతులూ చాపి, పిడికిళ్ళు బిగించాడు. ఆపు అని. క్రేను ఆగింది. గాల్లో చువ్వలు ఊగుతూ ఉన్నాయి. ఆయన అరచేతులు కిందికి తిప్పి, పసిపిల్లని పడుకోబెడుతున్నంత నెమ్మదిగా దింపించాడు. చువ్వలు నేలకి ఆనాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ సైట్లో మేస్త్రీ కుర్రాణ్ణి కొట్టబోయాడు. బాబాయి అడ్డం వెళ్ళి, "ఆణ్ణేటీ అనకు. ఆడు సరిగానే ఇన్నాడు. తప్పు నాది," అన్నాడు. హిందీలో చెప్పాల్సింది తెలుగులో చెప్పాడు, అయినా మేస్త్రీ చెయ్యి దించాడు. ఆ రోజు సాధన లేదు. బాబాయి గడ్డిలో కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు. తర్వాత మాతో, "సైగ సేసీవోడు ఒక్కడే ఉండాల. ఇద్దరైతే సరుకు ఎవడిదో ఒకడి నెత్తి మీద పడతాది. ఆ మాట కుర్రోళ్ళకి నేర్పినోణ్ణి నానే," అన్నాడు.

మర్నాటి నుంచీ కేక లేదు. మమ్మల్ని ఆ ఇంటి వైపు వీపు పెట్టి నిలబెట్టాడు. నోరు మెదపకుండా చేతులతోనే నడిపించాడు. ఆయన చెయ్యి లేస్తే మావి లేచాయి, ఆగితే ఆగాయి. మాట లేని ఆ క్లాసు ముందుకంటే ఎంత బావుండేదో చెప్పలేను. కార్ఖానా హోరు దూరాన్నించి సన్నగా వినిపిస్తుండేది, మా అందరి ఊపిరీ ఒకేసారి లోపలికి వెళ్ళి ఒకేసారి బయటికి వచ్చేది. వెన్నులో ఏదో వెచ్చగా పాకేది. దాన్ని చైనావాళ్ళు ఏమన్నా అననివ్వండి, నాకు అది కరెంటే. స్కూలుకి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉండేదాన్ని.

భుజం దాకా లేచే చెయ్యి గడ్డం దాకా వచ్చింది, గడ్డం దాటి చెవి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. జడ వేసుకోవడం వచ్చింది, మా ఆయనకి విముక్తి దొరికింది. చెవి పైన మాత్రం మళ్ళీ అదే గడియ. ఈ మధ్యే బాబాయికి ఆయాసం రావడం మొదలైంది. డాక్టరు గుండె కాస్త బలహీనపడిందన్నాడు, మందులిచ్చాడు. చేతులు పైకెత్తి ఉంచడం ఆయనకి కష్టమైంది. ఒకరోజు ఇంటికి నడుస్తూ, "అమ్మీ, ఇంక నువ్వు ముందు నిలబడాల," అన్నాడు.

"నేనా? నా చెయ్యే పూర్తిగా లేవదు!"

"అయితే ఏటి?"

"అయితే ఏటేంటి బాబాయ్? ముందు నిలబడేవాళ్ళ చెయ్యి తిన్నగా లేవకపోతే వెనకవాళ్ళు ఏం చూసి చేస్తారు? చాచాజీని నిలబెట్టు."

"ఆడు సైగ సూసీవోడు. సైగ సేసీవోడు కాదు," అన్నాడు. కాసేపు ఆయాసం తీర్చుకుని, "పూర్తిగా లెగిసినోళ్ళకి ఇక్కడ పనేటే? ఆళ్ళు ఇంట్లో తొంగుని ఉంటారు," అన్నాడు.

"పూర్తిగా లేచాకే నిలబడతాను," అన్నాను.

"సరే. నానూ సూత్తాను," అన్నాడు నవ్వుతూ. మొండిదాన్ని, ఆయనకి తెలుసు.

చూడకుండానే పోయాడు. ఆయన పోయిన మర్నాడు, నది ఒడ్డున అన్నీ ముగించుకుని మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. చాచాజీ మా అరుగు మీద కూర్చున్నాడు. నేను టీ ఇస్తే తీసుకుని, "కల్ మైదాన్ మేఁ ఆనా, బేటీ," అన్నాడు. రేపు మైదానానికి రమ్మని. ఎవరు చేయిస్తారని అడగాలనుకున్నాను. ఆలోగా ఆయన గ్లాసు పెట్టి లేచాడు.

మర్నాడు పొద్దున్న వెళ్ళాను. అందరూ వచ్చారు. ఒంట్లో బాగాలేదని నెలల క్రితం మానేసినవాళ్ళు కూడా వచ్చారు. మాచిపత్రి ఎండబెట్టిన డాక్టరమ్మ, ఎప్పుడూ క్లాసుకి రాని మనిషి, వరసలో నిలబడ్డారు. బాబాయి నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఎవరికి వాళ్ళు చెప్పులు విప్పి, కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి, ఆ ఖాళీ వైపు చూస్తున్నారు. క్లాసు ఇవాళ్టితో ఆఖరని అందరి మొహాల్లోనూ రాసి ఉంది. చాచాజీ నా వైపు తిరిగి, "బేటీ, సిగ్నల్ దో," అన్నాడు, సైగ ఇవ్వమని.

కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి ఆ చోట నిలబడి అందరి వైపూ తిరిగాను. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, అంతకంటే ఎక్కువగా ఏదో పొంగుతోంది లోపల. మోకాళ్ళు సడలించాను. ఊపిరి పీల్చుకుంటూ చేతులెత్తాను. నడుం దాటాయి, గుండె దాటాయి, గడ్డం దాటాయి. చెవి దగ్గర కుడిచెయ్యి ఆగింది. ఎడమచెయ్యి పైకి వెళ్ళగలదు, దాన్నీ అక్కడే ఆపాను. ఇంకాస్త, ఇంకొక్క వేలు మేర, అని పళ్ళు బిగించి కుడిచేతిని నెట్టాను. లేవలేదు. ఇంక చాలు, క్షమించండి అని దించేద్దామని తలెత్తి వాళ్ళ వైపు చూశాను.

అందరి చేతులూ చెవుల దగ్గరే ఉన్నాయి. నిక్షేపంలాంటి భుజాలున్నవాళ్ళవి, పడుచువాళ్ళవి, డాక్టరమ్మవి, అన్నీ నా చెయ్యి ఆగిన చోటే ఆగాయి. మొదటి వరసలో చాచాజీ కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి, రెప్ప వెయ్యడం లేదు. ఒక్కరూ అంగుళం పైకి ఎత్తలేదు. ఒక్కరూ దించలేదు. నా చేతులు కదలడం కోసం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.